స్పీకరు బదులు

మింట్ స్ట్రీట్ మేడ మీద
సన్నాయి పీకలు ఎండబెట్టుకుంటుంటే ఫోనొచ్చింది.
"పెంచలయ్యా, పెళ్లి కాదబ్బా, కొట్లాట.
వాయిస్తావా?"

పెరియమేట్ ఇండోర్ స్టేడియం.
తూరుపు తీరదేశాల ఆటల పోటీలట.
ఒక హాల్లో కబడ్డీ, ఒక హాల్లో కత్తిసాము,
మా హాల్లో తాళ్ళు బిగించిన నాలుగు మూలల అరుగు.
కంబోడియా వాళ్ళు తన్నుకునే అరుగు.
వాద్యగాళ్ళకు విమానం డబ్బులు చాలక
పాటను ఫోన్లో పెట్టుకొచ్చారు.
మధ్యాహ్నం స్పీకరు కాలిపోయింది.

"మేళం లేకపోతే కొట్టుకోరా?" అన్నాను.
వాళ్ళ గురువు అరవై దాటిన మనిషి,
ఒక చెవి ఎండు రేగ్గాయలా ముడుచుకుపోయింది.
దుబాసీ కుర్రాడి నోటితో చెప్పాడు:
"మేళం లేకపోతే అది వీధి తగాదా."

గురువును వాళ్ళు క్రూ అంటారు.
బరిలోకి దిగే పిల్ల మాలిస్.
మల్లె అని అర్థమట.
మస్తానయ్య డోలు వారు బిగిస్తూ
"మూర ఎంతకిస్తారో అడుగు మావా" అన్నాడు.
మల్లెకు ముళ్ళుండవు గానీ
ఆ పిల్ల కాలి ఎముక మీద పాత దెబ్బలు
నేరేడుపండు రంగులో.

ఫోను చెవికి ఆనించుకుని విన్నాను.
మా రాగాల పేర్లేవీ దానికి అంటవు.
మోహన అనుకుంటే పక్కకు తప్పుకుంటుంది,
దొరికిందిరా అనుకుంటే మోకాలితో పొడుస్తుంది.
పీక గీకాను, నానబెట్టాను, మళ్ళీ గీకాను.

ముందు మొక్కు.
తలకు చుట్టిన తాడుతో పిల్ల నేలకు మూడుసార్లు వంగింది.
మోకాలి మీద కూర్చుని
చేతులు మెల్లగా తిప్పింది, ఎవరినో నిద్ర లేపుతున్నట్టు.
అప్పుడు దొరికింది నాకు.
పాట ఫోన్లో లేదు,
ఆమె భుజాల్లో ఉంది.

క్రూ తాడు విప్పి జేబులో పెట్టుకున్నాడు.
గంట.

ముప్ఫయ్యేళ్ళుగా నా పని ఒకటే.
తాళి వేళకు పంతులు వేలెత్తి తిప్పుతాడు.
గట్టిమేళం!
ఎవరి తుమ్మూ వినపడకూడదు,
ఎవరి వెక్కిళ్ళూ,
ఎవరైనా నోరు జారి అనే వద్దూ.
చెడు చప్పుడు మీద దుప్పటి కప్పే పని.

క్రూ చెప్పింది వేరే:
"దేన్నీ కప్పొద్దు. పిల్ల ఊపిరి చూడు.
అది ఎక్కడ తీస్తే నువ్వూ అక్కడే తియ్యి."

మొదటి రౌండు నత్తనడక.
ఎదురు నిలిచింది రంగూన్ పిల్ల, ఎడమకాలి వాటం.
ఒకరి బరువు ఒకరు కళ్ళతో తూచుకున్నారు.
రెండో రౌండుకు మస్తానయ్య నుదుట చెమట,
నా బుగ్గల్లో మంట,
పై వరసల్లో కబడ్డీ వదిలేసి వచ్చిన జనం.

మూడో రౌండులో పడింది దెబ్బ.
తడి జంపఖానా బండకేసి బాదినట్టు
డొక్కలో.
మస్తానయ్య చెయ్యి పాత అలవాటున లేచింది,
గట్టిమేళానికి.
నా కాలితో అతని కాలు తొక్కాను.

సన్నాయి ఆపాను.

హాలంతా విన్నది,
ఒక పిల్ల గాలి వెతుక్కోవడం.
పళ్ళ సందుల్లోంచి సన్నగా ఈలలాంటి చప్పుడు.
అది నా పీక పలికే చప్పుడే,
తొలిరోజుల్లో, మా నాయన తిట్టే రోజుల్లో.
ఆ చివర పట్టుకునే ఊదాను.
ఆమె కదిలింది. నేను వెనకాలే.
మోచెయ్యి, మోకాలు, మెడ పట్టు, మళ్ళీ మోకాలు,
ఎవరు ఎవరిని లాక్కెళుతున్నారో
ఇప్పటికీ చెప్పలేను.

రెండు పాయింట్ల తేడాతో
రంగూన్ పిల్ల చెయ్యి పైకి లేచింది.

మాలిస్ ముందు ఆమెకు మొక్కింది,
తర్వాత మా చాపకు.
పెదవి నుంచి ఒక చుక్క
సన్నాయి చుట్టే ఎర్ర ముఖమల్ మీద రాలింది.
కనపడలేదు. తడి తగిలింది.

వోచరు మీద పని వివరం: స్పీకరు బదులు.
పద్దెనిమిది వందలు, డోలుతో కలిపి.

మర్నాడు తెల్లారుజామున
తండయార్‌పేటలో ముహూర్తం.
పంతులు వేలెత్తాడు.
మస్తానయ్య అందుకున్నాడు.
బుగ్గలు నింపుకున్నాను నేను,
పెళ్ళికూతురి భుజాల వైపు చూస్తూ.